జర్మన్ ఫోల్డింగ్ కెమెరాలు: కొనే ముందు, కొన్నాక, అమ్మేటప్పుడు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఉండేది స్టుట్‌గార్ట్‌లో. యుద్ధం తర్వాత జైస్ ఐకాన్ ఫోల్డింగ్ కెమెరాలు తయారైంది ఈ ఊళ్ళోనే, కోడక్ రెటీనా కూడా ఇక్కడిదే. శనివారం పూట కార్ల్స్‌ప్లాట్జ్‌లో జరిగే పాత సామాన్ల సంతకి వెళ్తే ఏదో ఒక బల్ల మీద ఒకటైనా కనిపిస్తుంది. ఈ పిచ్చి నాకుందని తెలిసినప్పటి నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో, కింద "అన్నా, ఇది ఎంత చేస్తుంది?" అని మెసేజ్ వస్తూనే ఉంటుంది. చెప్పిందే చెప్పి చెప్పి విసుగొచ్చి, అడిగినవన్నీ అడిగిన మాటల్లోనే ఇక్కడ రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## కొనే ముందు

అసలు ఫోల్డింగ్ కెమెరా అంటే ఏంటి? తోలు మడతలు ఉన్నవన్నీ ఇవేనా?

ముందు మూత తెరిస్తే లెన్స్ బయటికొచ్చి నిలబడుతుంది, వెనక పెట్టెకీ లెన్స్‌కీ మధ్య కమ్మరి కొలిమి తిత్తిలా మడతలు పడే భాగం ఉంటుంది, దాన్నే బెలోస్ అంటారు. మూసేస్తే కోటు జేబులో పట్టేస్తుంది. వీటిలో పాతవి గాజు ప్లేట్ల మీద ఫోటో తీసేవి, ఆ తర్వాతవి రోల్ ఫిల్మ్‌వి, రెటీనా లాంటి కొన్ని మాత్రం మామూలు 35 ఎంఎం ఫిల్మ్‌వి. సేకరించేవాళ్ళు ఎక్కువగా వెతికేది 1930ల నుంచి 1950ల దాకా వచ్చిన రోల్ ఫిల్మ్ కెమెరాల్ని.

ఇంత పాత కెమెరాకి ఇప్పుడు ఫిల్మ్ దొరుకుతుందా?

కెమెరా పేరు కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. 120 రోల్ వేసుకునే కెమెరా అయితే నిశ్చింత, 1901లో వచ్చిన ఆ సైజు ఇప్పటికీ తయారవుతోంది: ఇల్ఫర్డ్, కోడక్, చెక్ దేశపు ఫోమా అన్నీ అమ్ముతున్నాయి. 620 అని ఉంటే ఫిల్మ్ అదే కానీ దాన్ని చుట్టే చక్రం సన్నం, చీకట్లో 120 ఫిల్మ్‌ని 620 చక్రానికి చుట్టుకోవాలి. చేయొచ్చు, కానీ ప్రతిసారీ చేయాలంటే చిరాకు. 116 సైజుది అయితే ఫిల్మ్ ఎప్పుడో ఆగిపోయింది, బొమ్మలా అల్మరాలో పెట్టుకోడానికే. ప్లేట్ కెమెరాలకి రోల్ ఫిల్మ్ హోల్డర్ తగిలించుకోవచ్చు, అది విడిగా వెతుక్కోవాలి.

మొదటిసారి కొంటున్నా, ఏది తీసుకోమంటారు?

6×6 సైజులో (ఫోటో కొలత, సెంటీమీటర్లలో) జైస్ ఐకాన్ నెట్టార్ 518/16 గానీ, ఫోయిక్ట్‌లెండర్ పెర్కియో గానీ. రెండూ 120 ఫిల్మ్‌కి 12 ఫోటోలు తీస్తాయి, చిన్నవి, బెలోస్ సాధారణంగా గట్టిగా ఉంటాయి. అందరూ మొదట ఆగ్ఫా ఐసోలెట్ వైపు వెళ్తారు, ఎందుకంటే అది ఎక్కువ దొరుకుతుంది, చవక. లెన్స్ మంచిదే, కానీ ఆ కెమెరాలకి బెలోస్ చిల్లులు, ఫోకస్ బిగుసుకుపోవడం మామూలే. రిపేరు నేర్చుకోవాలని సరదా ఉంటేనే దాని జోలికి వెళ్ళండి.

సూపర్ ఐకోంటాతో మొదలుపెట్టొద్దా అని అడుగుతారు. డబ్బులుంటే పెట్టండి, కానీ మొదటి కెమెరాని మనం పాడుచేస్తాం. చవకది పాడైతే బాధ తక్కువ.

ఐకోంటా, సూపర్ ఐకోంటా, నెట్టార్... ఇవన్నీ ఒకటే కంపెనీవా? తేడా ఏంటి?

అన్నీ జైస్ ఐకాన్‌వే. 1926లో ఇకా, ఎర్నెమన్, గోయెర్ట్జ్, కొంటెస్సా-నెట్టెల్ అనే నాలుగు కంపెనీలు కలిసి డ్రెస్డెన్ కేంద్రంగా జైస్ ఐకాన్ అయ్యాయి. నెట్టార్ తక్కువ ధర రకం, ఐకోంటా మధ్య రకం, సూపర్ ఐకోంటా పైది. సూపర్ అంటే లెన్స్ తిప్పుతుంటే దానితోపాటే దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ ఉన్నది, కంటితో చూసి రెండు బొమ్మలు కలిపితే ఫోకస్ అయిపోయినట్టే. మిగతా రెండింటిలో దూరం మనమే అంచనా వేసి రింగు మీద పెట్టాలి.

తోలు మీద నొక్కిన అంకె చూస్తే సగం సంగతి తెలుస్తుంది. చివర /16 ఉంటే 6×6, /2 ఉంటే 6×9, ఏమీ లేకుండా 520, 521 అని మాత్రమే ఉంటే 6×4.5. అమ్మేవాడు "సూపర్ ఐకోంటా" అని రాసి 521/16 ఫోటో పెట్టిన ప్రకటనలు నేను బోలెడు చూశాను, 53 తో మొదలైతేనే అది సూపర్.

లెన్స్ మీద ఏవేవో పేర్లుంటాయి, ఏది మంచిది?

ధర నిర్ణయించేది ఎక్కువగా ఈ పేరే, కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి. ప్రతి కంపెనీ ఒకే కెమెరాని చవక లెన్స్‌తోనూ ఖరీదు లెన్స్‌తోనూ అమ్మేది. చవకవాటిలో మూడు గాజు ముక్కలుంటాయి: జైస్ ఐకాన్‌లో నోవార్, ఆగ్ఫాలో ఆగ్నార్, అపోటార్, ఫోయిక్ట్‌లెండర్‌లో వాస్కార్. నాలుగు ముక్కలవి టెస్సార్, సోలినార్, కలర్-స్కోపార్. టెస్సార్‌ని 1902లో జైస్‌లో పాల్ రుడాల్ఫ్ రూపొందించాడు, మిగతావాళ్ళు ఆ దారినే నడిచారు. ఫోయిక్ట్‌లెండర్ హెలియార్‌లో ఐదు ముక్కలు.

వాడేవాళ్ళకి ఒక మాట. ఎఫ్ 11 దగ్గర, అంటే లెన్స్ రంధ్రం చిన్నది చేసి (ఎఫ్ అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) తీసిన ఫోటోలో నోవార్‌కీ టెస్సార్‌కీ తేడా పట్టుకోవడం నా వల్ల కాలేదు. ఎఫ్ 3.5 దగ్గర, అంచుల్లో, తేడా బాగా తెలుస్తుంది. ఎండలో ప్రకృతి దృశ్యాలే తీస్తానంటే మూడు ముక్కల లెన్స్‌కి ఎక్కువ పెట్టక్కర్లేదు.

కంపూర్, ప్రోంటార్ అంటే? అది కూడా చూడాలా?

అవి షట్టర్ల పేర్లు, అంటే ఫోటో తీసేటప్పుడు లెన్స్‌లో వెలుగుకి దారి తెరిచి మూసే భాగం. కంపూర్ మ్యూనిక్‌లోని డెకెల్ కంపెనీది, ప్రోంటార్ కాల్మ్‌బాఖ్‌లోని గౌథియర్‌ది. కంపూర్-రాపిడ్, సింక్రో-కంపూర్ ఉంటే ధర పెరుగుతుంది, సెకనులో 400వ వంతో 500వ వంతో దాకా వేగం ఉంటుంది. వేరియో అనేది అన్నిటికన్నా చవక రకం, మూడు నాలుగు వేగాలే ఉంటాయి. తమాషా ఏంటంటే అందులో పాడవడానికి పెద్దగా ఏమీ లేదు కాబట్టి ఇప్పటికీ నడిచేవి అవే ఎక్కువ.

## చేతిలోకి తీసుకున్నాక

సంతలో నిలబడి రెండు నిమిషాల్లో ఏం చూడాలి?

మూత తెరవండి. లెన్స్ పట్టుకుని మెల్లగా ఊపండి, లొడలొడలాడితే కడ్డీలు వంగాయి, లెన్స్ ఫిల్మ్‌కి సమంగా నిలబడదు, తిరిగి బల్ల మీద పెట్టేయండి. తర్వాత షట్టర్‌ని 1 సెకనులో పెట్టి నొక్కండి. "జ్జ్జ్..." అని సాఫీగా పోయి మూసుకోవాలి, మధ్యలో ఆగితే లోపల పాత గ్రీజు గడ్డకట్టింది. వెనక మూత తీసి, షట్టర్ బి లో (నొక్కినంతసేపూ తెరిచే ఉంటుంది) తెరిచిపెట్టి, ఫోన్ లైటు లెన్స్ గుండా పంపి చూడండి. ఫోకస్ రింగు రెండు చివరల దాకా తిప్పండి. ఇన్ని చూశాక ఇంకో అర నిమిషం మిగులుతుంది, దాంట్లో బేరం ఆడండి.

బెలోస్‌లో చిల్లులున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? పైకి బాగానే ఉంది కదా?

పైకి చూస్తే తెలియదు. నేను కొన్న మొట్టమొదటి ఫోల్డింగ్ కెమెరా తోలు నిగనిగలాడుతుండేది, 15 యూరోలకి ఇచ్చేశాడు, నేనేదో కొట్టేశాననుకున్నా. ఆ వారమే టూబింగెన్ వెళ్ళి నది ఒడ్డున ఒక రోలంతా తీసి కడిగితే, 12 ఫోటోల్లోనూ ఆకాశంలో తెల్లటి చారలు. రాత్రి బాత్రూమ్‌లో లైటు ఆపేసి, కెమెరా వెనక నుంచి చిన్న ఎల్ఈడీ టార్చి లోపలికి పెట్టి చూశాను. మడతలు కలిసే మూలల్లో ఒకటి కాదు, పదకొండు చుక్కలు, అమావాస్య రాత్రి డాబా మీద పడుకుని చూసినట్టు.

పరీక్ష అదే: చీకటి గది, లోపల టార్చి, బెలోస్ పూర్తిగా చాపి అన్ని వైపులా తిప్పుతూ మూలల్లో చూడటం. ఒకటి రెండు చుక్కలైతే నల్లటి ఫ్యాబ్రిక్ పెయింట్ పల్చగా పూసి కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు. మందంగా పూస్తే మడతలు అంటుకుపోయి కెమెరా మూసుకోదు. ఎక్కువ చుక్కలుంటే కొత్త బెలోస్ వేయించాల్సిందే. సంతలో చీకటి దొరకదు కాబట్టి కోటు తల మీద కప్పుకుని చూసే ఒక పెద్దాయన్ని నేను చూశాను, నవ్వొచ్చింది గానీ ఆయన చేసింది సరైన పనే.

ఫోకస్ రింగు అస్సలు తిరగట్లేదు. బలంగా తిప్పితే వస్తుందా?

ఆగ్ఫా అయితే బలం అస్సలు వాడొద్దు. అప్పట్లో వాళ్ళు వేసిన ఆకుపచ్చ గ్రీజు ఏళ్ళ తరబడి ఎండి జిగురులా అయిపోయింది. ముందు గాజు, దాని వెనక గాజు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మీరు తిప్పితే రెండూ కలిసి బయటికొస్తాయి, మీకేమో ఫోకస్ తిరుగుతున్నట్టే ఉంటుంది, ఫోటోలన్నీ మసక. వేడి, కరిగించే ద్రవం, ఓపిక కావాలి. విప్పి మళ్ళీ బిగించేటప్పుడు మరను ఒక చుట్టు తేడాగా ఎక్కించినా దూరపు కొండలు కూడా ఫోకస్ కావు. అందుకే విప్పే ముందు గీతలు పెట్టుకోండి, తర్వాత ఫిల్మ్ ఉండే చోట పల్చని తెల్ల టేపు అంటించి దూరపు బొమ్మ స్పష్టంగా పడుతోందో లేదో చూడండి.

లెన్స్‌లో సాలెగూడులా ఉంది. తుడిస్తే పోతుందా?

అది ఫంగస్. పైపైన మొదలైనప్పుడు శుభ్రం చేస్తే పోతుంది, ముదిరితే గాజు మీద పూతని తినేసి మచ్చ వదిలిపోతుంది. అంచు చుట్టూ ఇంద్రధనస్సులా గానీ పసుపు రంగు వలయంలా గానీ కనిపిస్తే అది వేరు, గాజుల్ని అతికించిన కెనడా బాల్సమ్ విడిపోతోందన్నమాట, దాన్ని సరిచేయడం ఇంట్లో పని కాదు. ధూళి, చిన్న గీత ఒకటి రెండు ఉన్నా ఫోటోలో కనిపించవు, వాటిని చూపించి ధర మాత్రం తగ్గించమనండి.

తోలు మీద చిన్న చిన్న బొడిపెలున్నాయి. కెమెరా పాడైనట్టేనా?

లేదు. జైస్ ఐకాన్ కెమెరాల్లో ఇది ఎంత మామూలంటే దానికి "జైస్ బంప్స్" అని పేరే పడిపోయింది. తోలు కింద ఉన్న ఇత్తడి రివెట్లకి చిలుము పట్టి పైకి ఉబ్బుతుంది. పనికి అడ్డం రాదు. తోలు ఊడదీసి గోకితే పోతాయి, కానీ పాత తోలు చిరిగే ప్రమాదం ఎక్కువ. నేనైతే వదిలేస్తాను.

జర్మన్ ప్రకటనల్లో మాటలు అర్థం కావట్లేదు. దేనికి ఏంటి?

"ఫెర్ష్లుస్ లాయ్ఫ్ట్" అంటే షట్టర్ నడుస్తోంది. "బాల్గెన్ డిష్ట్" అంటే బెలోస్‌లో చిల్లులు లేవు. "డాఖ్‌బోడెన్‌ఫుండ్" అంటే అటక మీద దొరికింది. "ఉన్‌గెప్ర్యూఫ్ట్" అంటే పరీక్షించలేదు. నా అనుభవంలో ఆ మాటకి అసలు అర్థం పరీక్షించాం, పని చేయలేదు అని. "ఫ్యూర్ బాస్ట్లర్" అంటే రిపేరు సరదా ఉన్నవాళ్ళకి, అంటే పూర్తిగా పాడైందని ఒప్పుకున్నట్టే. చివరిది నిజాయితీ ఉన్న ప్రకటన, విడిభాగాలకి హాయిగా కొనొచ్చు.

## ధర కట్టడం

మా ఇంటి ఓనరమ్మ వాళ్ళ నాన్నగారిది ఇచ్చింది, 80 ఏళ్ళ పాతది. లక్షలు వస్తాయా?

దాదాపుగా రావు. పాతదైనంత మాత్రాన ధర రాదు. ఈ కెమెరాలు లక్షల్లో తయారయ్యాయి, గట్టిగా చేశారు కాబట్టి చాలా మిగిలాయి. మామూలు నెట్టార్, ఐసోలెట్ లాంటివి పని చేసే స్థితిలో జర్మనీలో కొన్ని పదుల యూరోలకే దొరుకుతున్నాయి. 9×12 ప్లేట్ కెమెరా చూడ్డానికి ఎంతో ఘనంగా ఉంటుంది, ధర మాత్రం చాలాసార్లు అంతకంటే తక్కువే. కానీ ఆమె ఇచ్చింది ప్రేమతో కదా, అమ్మకండి, ఒక రోలు తీసి ఆమె ఫోటోనే ఆమెకివ్వండి.

మరి ధర ఎలా కట్టాలి? ఒక లెక్క చెప్పండి.

అడిగే ధర చూడొద్దు, అమ్ముడైన ధర చూడండి. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించమని ఎంచుకుని, అదే మోడల్, అదే లెన్స్, అదే షట్టర్ ఉన్నవి ఐదారు తీయండి. అన్నిటికన్నా పైదీ కిందదీ పక్కన పెట్టి మధ్యవి చూడండి. అది బాగా పని చేసే కెమెరా ధర. దాంట్లోంచి మీ ముందున్న కెమెరాని ఆ స్థితికి తేవడానికయ్యే ఖర్చు తీసేయండి.

ఉదాహరణకి బాగున్నది 200 అనుకోండి. మీ ముందున్నదానికి షట్టర్ ఆగిపోయింది, సర్వీసుకి 100 అడుగుతారు, రేంజ్‌ఫైండర్ మసకగా ఉంది. అప్పుడు దాని ధర 100 కాదు, 60 లేదా 70. ఎందుకంటే విప్పాక లోపల ఇంకేం బయటపడుతుందో ఎవరికీ తెలియదు, ఆ టెన్షన్ కొనేవాడిదే. బెలోస్ మార్పించి, షట్టర్ సర్వీసు చేయిస్తే మామూలు కెమెరాకి అయ్యే ఖర్చు దాని ధర దాటిపోతుంది, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

నిజంగా డబ్బు పలికేవి ఏవి?

అన్నిటికన్నా పైన ఫోయిక్ట్‌లెండర్ బెస్సా 2, అదీ 105 ఎంఎం అపో-లాంథర్ లెన్స్‌తో ఉన్నది. లెన్స్ చుట్టూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వలయం ఉంటుంది. అది వేల యూరోల మాట. అదే బెస్సా 2 హెలియార్‌తో ఉంటే అందులో చాలా తక్కువ, కలర్-స్కోపార్‌తో ఉంటే ఇంకా తక్కువ. పెట్టె అదే, ముక్కు మారితే ధర మారిపోతుంది. తర్వాత వరసలో ఆగ్ఫా సూపర్ ఐసోలెట్, ఎఫ్ 2.8 టెస్సార్ ఉన్న సెర్టో సిక్స్, 1950లలో వచ్చిన సూపర్ ఐకోంటా 531/16, 534/16. ప్లేట్ కెమెరాల్లో రంగు తోలు వేసిన ఫోయిక్ట్‌లెండర్ బెర్గ్‌హైల్ అంటే సేకరించేవాళ్ళు పడిచస్తారు.

నా కెమెరా ఏ సంవత్సరానిదో ఎలా తెలుసుకోవాలి?

ఒక్క గుర్తుతో తేల్చొద్దు, మూడు నాలుగు కలిపి చూడండి. జైస్ జెనా లెన్స్ నంబరు 20 లక్షల దగ్గర ఉంటే 1937 ప్రాంతం. లెన్స్‌కి నీలం, ఊదా రంగు మెరుపు ఉంటే పూత వేశారన్నమాట, మామూలు కెమెరాల్లో అది ఎక్కువగా యుద్ధం తర్వాతి సంగతి, జైస్‌లో దానికి గుర్తు ఎర్ర టి అక్షరం. ఫ్లాష్ తీగ పెట్టే రంధ్రం కూడా అంతే. "జైస్-ఆప్టన్" అని ఉంటే దేశం రెండు ముక్కలయ్యాక పశ్చిమం వైపు తయారైన లెన్స్. కొన్నిటి మీద "జర్మనీ యూఎస్ జోన్" అని ఉంటుంది, అమెరికా సైన్యం చేతిలో ఉన్న ప్రాంతంలో తయారైందని అర్థం.

నకిలీలు వస్తాయా?

లైకా కెమెరాల్లో వచ్చినంతగా రావు. కానీ సోవియట్ మాస్క్వా కెమెరా సూపర్ ఐకోంటా 6×9కి నకలు, ఇస్క్రా అయితే సూపర్ ఐసోలెట్ చూసి చేసింది. అవి నకిలీలు కావు, తమ సొంత పేరుతో అమ్మితే మంచి కెమెరాలే. పేరు గోకేసి జర్మన్‌ది అని అమ్మితేనే గొడవ. ఇంకోటి లెన్స్ మార్పిడి: చవక కెమెరాకి ఖరీదు లెన్స్ తగిలించడం. యుద్ధకాలపు సైన్యం గుర్తులు కొత్తగా చెక్కినవి కూడా తిరుగుతుంటాయి, చెక్కిన గీతలో ఇత్తడి తళతళ మెరుస్తుంటే దూరంగా ఉండండి.

తోలు కేసు, డబ్బా, కాగితాలు ఉంటే ఎక్కువ ఇవ్వాలా?

కేసుకి ఇవ్వొద్దు, అందరి దగ్గరా ఉంటుంది, పైగా ఫంగస్ పుట్టేది అందులోనే. అసలు డబ్బా, బిల్లు ఉంటే కొంచెం ఇవ్వొచ్చు.

## ఇంటికి తెచ్చాక

షట్టర్ పాడవకుండా ఎలా వాడాలి?

పాత కంపూర్-రాపిడ్‌లో అన్నిటికన్నా ఎక్కువ వేగానికి విడిగా ఒక స్ప్రింగు ఉంటుంది, ఆ వేగం కావాలంటే షట్టర్ ఎక్కుపెట్టకముందే రింగు తిప్పండి. ఎక్కుపెట్టాక బలవంతంగా తిప్పితే విరుగుతుంది. సెల్ఫ్ టైమర్ ముట్టుకోవద్దు, మధ్యలో ఇరుక్కుంటే షట్టర్ మొత్తం ఆగిపోతుంది. నూనె చుక్క వేస్తే బాగవుతుందని ఎవరైనా చెప్తే వినకండి, ఆ నూనె రెక్కల మీదికి పాకి అంటుకుపోతుంది.

మూస్తుంటే మూసుకోవట్లేదు, నొక్కేయనా?

నొక్కొద్దు. రెటీనా అయితే దూరం రింగు అనంతం గుర్తు దగ్గర పెడితేనే మూసుకుంటుంది. మిగతావాటిలో పక్కనున్న కడ్డీలు రెండూ ఒకేసారి లోపలికి నొక్కి మూయాలి. బెలోస్ మడత బయటికొచ్చి ఇరుక్కుందేమో కూడా చూడండి.

ఫోటోల్లో కొన్ని మసకగా, కొన్నిటి మీద ఎర్రటి మచ్చలా వస్తోంది. ఎందుకు?

మసకకి ఒక కారణం, మూత ఠప్పున తెరవడం. లోపలికి గాలి లాగేసి ఫిల్మ్ ముందుకు ఉబ్బుతుంది. మెల్లగా తెరవండి, తెరిచాకే ఫిల్మ్ తిప్పండి. మచ్చ వెనకున్న ఎర్ర కిటికీ వల్ల: ఎరుపు రంగు కనపడని ఫిల్ముల కాలంలో పెట్టింది అది, ఇప్పటి ఫిల్ములకి ఎరుపూ తగులుతుంది. మూత ఉంటే మూసి ఉంచండి, లేకపోతే నల్ల టేపు అంటించి, ఫిల్మ్ తిప్పేటప్పుడు మాత్రం నీడలో తెరవండి.

లైట్ మీటర్ లేదు, మరి ఎక్స్‌పోజర్ ఎలా?

ఫోన్‌లో మీటర్ యాప్ చాలు. ఎండ బాగా ఉంటే ఎఫ్ 16, షట్టర్ వేగం ఫిల్మ్ ఐఎస్ఓ అంకెకి (ఫిల్మ్ వెలుగుకి ఎంత చురుకో చెప్పేది) దగ్గరిది. 100 ఫిల్మ్‌కి 100వ వంతు.

ఇండియాకి తీసుకెళ్తున్నా. వైజాగ్‌లో పెడితే ఫంగస్ పట్టదా?

అల్మరాలో తోలు కేసులో పెడితే ఒక్క వానాకాలం చాలు. కేసు నుంచి తీసి, గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి, పది యూరోల తేమ మీటరు ఒకటి లోపల పడేయండి. 40-50 శాతం మధ్య ఉంటే చాలు, మరీ ఎండిపోతే తోలు బెలోస్ పగుళ్ళిస్తుంది. అమ్మావాళ్ళకి సిలికా జెల్ ఎప్పుడు మార్చాలో చెప్పి రండి. ప్రయాణంలో ఫిల్మ్ చేతి సంచిలోనే పెట్టుకుని, సీటీ స్కానర్లున్న విమానాశ్రయాల్లో చేత్తో చూడమని మర్యాదగా అడగండి.

## అమ్మాలనుకుంటే

ఎక్కడ అమ్మితే మంచి ధర వస్తుంది?

మామూలువి క్లైన్‌అన్‌త్సైగెన్ అనే పాత సామాన్ల ప్రకటనల వెబ్‌సైట్‌లోనో, ఫోటోబ్యోర్సె అనే కెమెరా సంతల్లోనో. అరుదైనవైతే కొలోన్‌లోని బ్రేకర్ లాంటి వేలం సంస్థలకి ఫోటో పంపండి, వాళ్ళ కమీషన్ ఎంతో ముందే అడగండి.

బాగా పాలిష్ చేసి అమ్మితే ఎక్కువ వస్తుందా?

తక్కువ వస్తుంది. దుమ్ము తుడవండి చాలు. బూటు పాలిష్ పూసిన తోలు చూస్తే కొనేవాడికి ఏం దాస్తున్నాడో అని అనుమానం మొదలవుతుంది. టార్చి పెట్టి తీసిన బెలోస్ ఫోటో ఒకటి, లెన్స్ గుండా వెలుగు పంపి తీసిన ఫోటో ఒకటి పెడితే అడిగిన ధర ఇస్తారు.

పోస్టులో ఎలా పంపాలి?

కెమెరా మూసి, షట్టర్ ఎక్కుపెట్టకుండా, రింగు అనంతం మీద పెట్టి, బబుల్ రేపర్ మూడు చుట్లు చుట్టి పంపండి. లోపల ఎవరిదో సగం తీసిన రోలు మిగిలిపోయిందేమో పంపేముందు ఎర్ర కిటికీలోంచి ఒకసారి చూడండి, నాకు అలా రెండుసార్లు దొరికాయి.